ఎనభైల రాక్ రికార్డులను మళ్లీ వినడం ఎలా: ముందు ముల్లు, తర్వాత స్నానం, చివరికి తీర్పు

పాత రికార్డుల పెట్టె తెరవగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే. అన్నిటికన్నా ఇష్టమైన ఎల్పీని వెతికి తీస్తారు, చొక్కా అంచుతో ఒకసారి తుడుస్తారు, టర్న్‌టేబుల్ మీద పెట్టి ముల్లు దించుతారు. ఆ పని మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి మూలనున్న ముల్లును, అన్నేళ్ల దుమ్మును, మీకు ప్రాణమైన పాటను మొదటి పది నిమిషాల్లోనే ఒకచోట కలిపితే చెడేది పాటే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా పెట్టె తెరిచిన రోజున యూ2 బృందం 1987 నాటి 'ది జాషువా ట్రీ' పెట్టాను. పెట్టిన వైపు మొదట్లో బాగానే ఉంది. చివరి పాటకు వచ్చేసరికి 'స' అక్షరం పలికిన ప్రతిచోటా గుడ్డ చింపినట్టు వినిపించింది. కుర్రతనంలో అరగదీసేశాను, ఇక ఇది పనికిరాదు అనుకుని ఎవరికైనా ఇచ్చేయాల్సిన దొంతరలో పడేశాను. మూడు వారాల తర్వాత కొత్త ముల్లు బిగించి, కొలత చూసి సరిచేశాక, ఎందుకో అనుమానం వచ్చి దాన్ని మళ్లీ పెట్టాను. 'స' శుభ్రంగా 'స' లాగే పలికింది. తప్పు రికార్డుది కాదు, నా యంత్రానిది. అందుకే ఈ మార్గదర్శిలో వరుస ముఖ్యం: యంత్రం, శుభ్రత, వినడం, ఆ తర్వాతే ఏది ఉంచాలి, ఏది పంపించాలి అనే నిర్ణయం. ఆ నిర్ణయానికి వచ్చేదాకా ఒక్క రికార్డు కూడా ఇల్లు దాటకూడదు.

పెట్టె దించేటప్పుడు

అట్టతో కలిపి ఒక ఎల్పీ పావు కిలో దాకా తూగుతుంది. వంద ఉంటే పాతిక కిలోలు. అట్టపెట్టె అడుగు ఏళ్లకేళ్లు చెమ్మ పీల్చి ఉంటుంది కాబట్టి పై అంచులు పట్టుకుని లేపకండి, రెండు చేతులూ అడుగున వేయండి. మరీ వేడిగానో చల్లగానో ఉన్న చోటు నుంచి తెస్తే ఒక రాత్రి గదిలో అలాగే వదిలేయండి.

తెరిచాక మూడు విషయాలు చూడండి. మొదటిది బూజు. అట్టల మీద తెల్లటి పొడి, ముక్కుకు తగిలే ముతక వాసన ఉంటే వాటిని వేరుచేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి ఆడే చోట దులపండి, మిగతావాటితో కలపకండి. రెండోది మెత్తగా, మందంగా, చేతికి అంటుకున్నట్టుండే పాత పీవీసీ తొడుగులు. రికార్డులను కాపాడతాయని అప్పట్లో మనమే కొని తొడిగినవి. వాటిలోంచి ఊరే రసాయనం ఏళ్ల మీద రికార్డు ముఖానికి పట్టి, పొగ పట్టినట్టు మచ్చ చేస్తుంది. చాలాసార్లు ఆ మచ్చ కడిగినా పోదు. కనబడిన వెంటనే వాటిని తీసి పారేయండి. మూడోది ఒరిగి నిలబడినవి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టినవి. వాటిని నిటారుగా నిలబెట్టి, వంగినవాటిని విడిగా గుర్తు పెట్టుకోండి.

అట్టల్లోపల దొరికే కాగితాలు, పాటల సాహిత్యం అచ్చేసిన షీట్లు, పోస్టర్లు, ఏనాటివో టికెట్ ముక్కలు ఎక్కడ ఉన్నవి అక్కడే ఉంచండి. అట్ట మీది పాత ధర చీటీని గోటితో గీకకండి. దాంతోపాటు అచ్చు కూడా లేచివస్తుంది.

ముందు యంత్రం

ఈ భాగం విసుగ్గానే ఉంటుంది. ఇక్కడ పెట్టే రెండు గంటలే ఆ తర్వాత వినబోయే రెండు నెలలను కాపాడతాయి.

బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్ అయితే పళ్లెం ఎత్తి బెల్టు చూడండి. రబ్బరు సాగిపోయి ఉంటుంది, లేదా జిగురుగా కరిగి మోటారు కప్పీకి అతుక్కుని ఉంటుంది. ఆ జిగురును తుడిచి కొత్త బెల్టు వేయండి. మోటారే నేరుగా తిప్పే రకానికి ఈ బాధ లేదు.

తర్వాత ముల్లు. అంగళ్లలో స్టైలస్ అంటారు. తయారీదార్లు సాధారణంగా 500 నుంచి 1,000 గంటల ఆయుష్షు చెబుతారు. మీ పాత ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో లెక్క ఉండదు. ఒకవేళ కొద్దిగానే తిరిగినా, వజ్రపు మొన వెనక ఉండే చిన్న రబ్బరు ముక్క ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిపోతుంది. అప్పుడు మొన, రికార్డు మీద పాట చెక్కిన గాడి మలుపులకు సరిగా ఊగలేక గోడలను గీరుతుంది. కాబట్టి వాదన పెట్టుకోకుండా కొత్తది కొనండి. మొత్తం సేకరణ మీద మీరు పెట్టబోయే ఖర్చుల్లో పూర్తిగా న్యాయమైనది ఇదొక్కటే.

కొత్తది బిగించాక బరువు సరిచూడాలి. ముల్లును మోసే చేయి లాంటి కడ్డీని టోన్ ఆర్మ్ అంటారు. దాని వెనక ఉన్న గుండు బరువును ముందుకూ వెనక్కూ తిప్పుతూ, టోన్ ఆర్మ్ త్రాసు దండెలాగా అటూ ఇటూ వాలకుండా గాలిలో తేలేలా చేయండి. ఆ సమయంలో యాంటీ స్కేటింగ్ మీట (చేయి రికార్డు నడిమికి లాగుకుపోకుండా ఆపేది) సున్నా దగ్గర ఉండాలి, ముల్లు దేనికీ తగలకూడదు. చేయి తేలుతున్నప్పుడు గుండు మీది అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకు తిప్పి, అక్కడి నుంచి గుండుతో సహా కార్ట్రిడ్జ్ (ముల్లు అమరే చిన్న డబ్బీ) తయారీదారు చెప్పిన అంకె దాకా తిప్పండి. ముల్లుతో పాటు లోపలి అయస్కాంతం కదిలే సాధారణ మూవింగ్ మాగ్నెట్ రకాలకు అది చాలావరకు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. తర్వాత యాంటీ స్కేటింగును కూడా దాదాపు అదే అంకెకు పెట్టండి. రికార్డు అరగకుండా ఉంటుందని బరువు తగ్గించడం చాలామంది చేసే పొరపాటు. తేలికైన ముల్లు గాడిలో కుదురుగా కూర్చోదు, గట్టి శబ్దం వచ్చిన ప్రతిసారీ ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. చెప్పిన పరిధిలో కొంచెం ఎక్కువ వైపు ఉంచడమే మేలు.

ఇక కోణం. కాగితం మీద అచ్చువేసిన కొలత పటం ఒకటి తీసుకోండి. అచ్చులో సైజు మారకుండా నూటికి నూరు శాతం రావాలి. పళ్లెం నడిమి నుంచి సుమారు 66 మిల్లీమీటర్లు, 121 మిల్లీమీటర్ల దూరంలో దాని మీద రెండు చుక్కలుంటాయి. ముల్లు ఆ రెండింటి మీదా ఆనినప్పుడు కార్ట్రిడ్జ్ పక్క అంచులు గళ్లకు సమాంతరంగా నిలవాలి. ఒకచోట సరిచేస్తే రెండోచోట తప్పుతుంది, మళ్లీ మొదటికి రావాలి. ఓపిక కావాలి, మంచి దీపం కావాలి. నా 'జాషువా ట్రీ'ని చింపిన గుడ్డ చేసింది ఈ కోణమూ, అరిగిన మొనా కలిసి.

యాంప్లిఫైయర్ సంగతి క్లుప్తంగా. రికార్డు చెక్కేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, సన్నని ధ్వనులను పెంచి చెక్కుతారు. లేకపోతే బేస్ గిటారు ఊపుకు గాడి అంతంత వెడల్పు కావాలి, ఒక వైపున పది నిమిషాల పాట కూడా పట్టదు. అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ పేరుతో 1954 నుంచి స్థిరపడిన లెక్క ఇది. వినేటప్పుడు దాన్ని తిరగేసే పని ఫోనో ప్రీయాంప్‌ది. ఇప్పటి యాంప్లిఫైయర్లు కొన్నింటిలో అది ఉండదు. పాట పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటే మీకు లేనిది అదే. విడిగా కొనుక్కోవచ్చు. నిరంతరం 'మ్...' అని మోత వస్తుంటే టర్న్‌టేబుల్ వెనక వేలాడే ఎర్త్ తీగను కలపడం మరిచిపోయారన్నమాట.

మొదటి పరీక్ష మీకు పోయినా బాధలేని రికార్డుతో చేయండి. ప్రతి సేకరణలోనూ అలాంటిది కనీసం ఒకటి ఉంటుంది. ఎందుకు కొన్నామో ఎంత ఆలోచించినా గుర్తురాదు.

స్నానం

పొడి దుమ్ముకు కార్బన్ ఫైబర్ కుంచె చాలు. పళ్లెం తిరుగుతుండగా కుంచెను గాడికి అడ్డంగా, తేలికగా ఆనించి, రెండు మూడు చుట్లు తిరగనిచ్చి, మెల్లగా బయటి అంచు వైపు జార్చాలి. ఇది ప్రతిసారీ వినడానికి ముందు చేయాల్సిన పని.

ఇన్నేళ్లు పడివున్న రికార్డుకు మాత్రం తడి స్నానమే కావాలి. ఇలా చేయండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రంగూ వాసనా లేని తేలికపాటి ద్రవ సబ్బు రెండు మూడు చుక్కలు. ఫొటో ఫిల్మ్ కడగడానికి వాడే వెటింగ్ ఏజెంట్ దొరికితే ఇంకా మంచిది. మొండి జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా కలపవచ్చు. వినైల్‌కు దానితో ఇబ్బంది లేదు కానీ, అదే పెట్టెలో తాతల నాటి 78 ఆర్‌పీఎం లక్క రికార్డులుంటే వాటి దగ్గరికి ఆల్కహాలును రానివ్వకండి, కరిగిపోతాయి. కుళాయి నీళ్లు వద్దు. ఆరాక అందులోని లవణాలు గాడి అడుగున మిగిలి, దుమ్ముకన్నా మొండిగా చిటపటలాడతాయి.

రికార్డును శుభ్రమైన మెత్తని తువ్వాలు మీద పరవండి. నడిమి కాగితం లేబుల్ తడవకుండా దాని మీద ఒక ప్లాస్టిక్ మూత బోర్లించండి. ద్రావణాన్ని చల్లి ఒక నిమిషం నాననివ్వండి. ఆపైన మైక్రోఫైబర్ గుడ్డతోనో మెత్తని నైలాన్ కుచ్చు బ్రష్‌తోనో గాడి వెంటే గుండ్రంగా తిప్పండి, ఎప్పుడూ అడ్డంగా రుద్దకండి. దీపం వెలుగులో చూస్తే నల్లని ముఖం మీద నీరు మొదట ముత్యాలుగా విడిపోతుంది. మట్టి వదిలాక పలచని అద్దంలా పరుచుకుంటుంది. ఆ మార్పు కనిపిస్తే ఆ వైపు పని అయినట్టే. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వేరే పొడి గుడ్డతో అద్ది, నిలువుగా అరగంట ఆరనివ్వండి. తడి ఉండగా ముల్లు దించకండి.

జిగురు పూసి పొరలా ఒలిచే పద్ధతి గురించి గొప్పగా చెప్పేవారున్నారు. కొందరికి బాగానే కుదిరింది. పొర సగంలో తెగితే గాడిలో మిగిలే జిగురును తీయడం ఎలాగో మాత్రం వాళ్లు చెప్పరు. నేను ఆ జోలికి పోను.

కడిగిన రికార్డును పాత కాగితపు కవరులోకి తిరిగి దూర్చకండి. ఆ కాగితం పొడి రాల్చే రకం. లోపల పలచని పాలిథీన్ పొర ఉన్న కొత్త కవర్లు తెచ్చుకోండి. బొమ్మలూ సాహిత్యమూ అచ్చయిన అసలు కవరును పారేయకుండా, ఖాళీగా అట్టలోనే పక్కన ఉంచండి. బ్రిటన్ నుంచి వచ్చిన కొన్ని కవర్ల మీద క్యాసెట్, దాని కింద రెండు ఎముకలు కత్తెర వేసిన గుర్తు కనిపిస్తుంది. ఇంట్లో టేపుల మీదికి ఎక్కించుకోవడం సంగీతాన్ని చంపేస్తోందంటూ అక్కడి రికార్డు కంపెనీలు 1981లో మొదలుపెట్టిన ప్రచారం అది. అది చదువుతూనే మనం పక్కన క్యాసెట్ తిప్పుకున్నాం.

చివరి నున్నటి పట్టీ మీద ఏముంది

స్నానానికీ వినడానికీ మధ్య ఒక చిన్న పని. గాడి ముగిసిన చోటుకీ లేబుల్‌కీ మధ్య నున్నటి పట్టీ ఉంటుంది. దీపం కింద వాలుగా తిప్పితే అక్కడ చేతితో గీసిన అక్షరాలు, అంకెలు కనబడతాయి. అది రికార్డు జాతకం. ఏ మాస్టర్ (ముద్రణకు మూలమైన అసలు టేపు) నుంచి, ఏ స్టూడియోలో, కొన్నిసార్లు ఎవరి చేతి మీదుగా చెక్కారో చెబుతుంది. అమెరికన్ ముద్రణల్లో 'ఆర్ఎల్' అనే రెండక్షరాలు కనిపిస్తే అది మాస్టరింగ్ ఇంజనీర్ బాబ్ లుడ్విగ్ గుర్తు. ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' తొలి అమెరికన్ ముద్రణల మీద అవి ఉంటాయి. 'డీఎమ్ఎమ్' (డైరెక్ట్ మెటల్ మాస్టరింగ్) అని ఉంటే మెత్తని లాకర్ పూత పళ్లెం బదులు నేరుగా రాగిరేకు మీద చెక్కారని అర్థం. ఎనభైల తొలి ఏళ్లలో జర్మన్ సంస్థ టెల్డెక్ తెచ్చిన పద్ధతి ఇది.

ఆ అంకెలను ఒక పుస్తకంలో రాసుకోండి. ఒకే ఆల్బమ్ వేర్వేరు ముద్రణలు వేర్వేరుగా వినిపిస్తాయి. నాకు నచ్చలేదు అని మీరు అనుకుంటున్నది ఆల్బమ్‌నా, ఆ ముద్రణనా అన్నది ఒక్కోసారి ఈ అంకెలే తేలుస్తాయి.

లేబుళ్లు, అట్టలు కూడా తీరిగ్గా చూడండి. గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్ 'ఎపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్'లో ఏ, బీ వైపులుండవు. జీ, ఆర్ అని ఉంటాయి. 'ది పోలీస్' అనే బృందం 1983 నాటి 'సింక్రానిసిటీ' అట్ట మీది రంగు పట్టీలు, ఫొటోల అమరిక 36 రకాలుగా అచ్చయ్యాయి. మీ స్నేహితుడి దగ్గరున్నదానికీ మీదానికీ తేడా ఉందని అప్పట్లో పందెం కాసి ఉంటే, ఇద్దరూ గెలిచినట్టే.

వినడం

వంద ఎల్పీలంటే రెండు వందల వైపులు. వైపుకు ఇరవై నిమిషాలు వేసుకున్నా అరవై ఆరు గంటలు దాటుతుంది. రోజుకు గంట అనుకుంటే రెండు నెలలకు పైనే. ఈ లెక్కతో బెంబేలెత్తకండి. ఒక్క నియమం పెట్టుకోండి: ముల్లు దించితే వైపు పూర్తయ్యేదాకా ఎత్తకూడదు.

ఎందుకంటే ఈ దశాబ్దపు ఆల్బమ్‌లలో చాలావాటిని వైపుల లెక్కన కూర్చారు. 'జాషువా ట్రీ' పాటల వరుస పెట్టింది గాయని కర్స్టీ మెకాల్. మొదటి పాట, చివరి పాట ఏవో మాత్రమే బృందం చెప్పింది, నడుమ అంతా ఆమెదే. క్లాష్ బృందం 1980 చివర్లో తెచ్చిన 'సాండినిస్టా!' మూడు ఎల్పీలు, ఆరు వైపులు, వైపుకు ఆరు చొప్పున 36 పాటలు. సీడీల మీద వరసగా వింటే అది అంతూపొంతూ లేని గోల. ఒక సాయంత్రానికి ఒక్క వైపు చొప్పున ఆరు రోజులు వింటే ఆరు చిన్న రికార్డులు. నాకు పాతికేళ్లుగా అర్థంకాని ఆల్బమ్ ఆ ఆరు రోజుల్లో అర్థమైంది. నాలుగో వైపు తప్ప.

వైపుకు ఒక భౌతిక కారణం కూడా ఉంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది కానీ, బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరుగెత్తితే, లోపలి చివర 21 సెంటీమీటర్లే. అంత శబ్దమూ సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే వైపు చివరి పాటల్లో సన్నని శబ్దాలు నలుగుతాయి, అందుకే చాలా ఆల్బమ్‌లు నెమ్మదైన పాటను అక్కడికి నెట్టాయి. నిడివి పెరిగినా ఇదే తంటా. గాడిని దగ్గర దగ్గరగా, తక్కువ ఊపుతో చెక్కాలి. డెఫ్ లెపర్డ్ 1987 నాటి 'హిస్టీరియా' 62 నిమిషాలు ఒక్క ఎల్పీలో సర్దుకుంది. మీ ప్రతి మెల్లగా, బక్కగా మోగితే ముల్లునూ రికార్డునూ తిట్టకండి, వాల్యూమ్ పెంచండి. డైర్ స్ట్రెయిట్స్ 1985 నాటి 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' ఇంకో దారి పట్టింది. సీడీ మీద 55 నిమిషాలున్నది ఎల్పీకి వచ్చేసరికి కొన్ని పాటలు కత్తిరించుకుని 47 అయింది. తర్వాత సీడీతోనో ఫోన్‌లోనో అలవాటుపడినవారికి ఎల్పీలో పాట ముందే ముగిసి చెయ్యి గాలిలో ఆగిపోతుంది. రికార్డు చెడలేదు, దాన్ని చేసిందే అలా.

ఏ క్రమంలో వినాలి? నా సలహా విడుదలైన ఏడాది ప్రకారం. ఇష్టాల ప్రకారం వెళితే మొదటి వారంలోనే ఇష్టమైనవి అయిపోతాయి, మిగిలినవి పెట్టెలోకి తిరిగిపోతాయి. ఏళ్ల ప్రకారం వెళితే దశాబ్దం మన కళ్ల ముందే రంగు మారుతుంది. డ్రమ్ములను గమనిస్తే చాలు. 1980లో పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్‌లో ఇంజనీర్ హ్యూ ప్యాడ్జమ్, డ్రమ్ముల దగ్గర ఫిల్ కాలిన్స్ కలిసి ఒక శబ్దం పట్టారు. పెద్ద గదిలో కొట్టినట్టు మోగి, ఆ మోత పూర్తిగా ఆరకముందే కత్తితో కోసినట్టు ఆగిపోయే దెబ్బ. మరుసటి ఏడాది కాలిన్స్ సొంత ఆల్బమ్ 'ఫేస్ వేల్యూ' దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లు పెట్టెలోంచి ఏ రికార్డు తీసినా అదే దెబ్బ ఎదురవుతుంది. 1984, 85 దగ్గరికి వచ్చేసరికి నాకు విసుగొచ్చింది. అదీ ఒక ఎరుకే. విడివిడిగా విన్న రోజుల్లో ఇది పట్టలేదు.

కొన్నింటిని జంటగా వినండి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 నాటి 'నెబ్రాస్కా'ను ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద రికార్డు చేశాడు. ఆ క్యాసెట్‌ను ఎల్పీగా చెక్కడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు. రెండేళ్లకు వచ్చిన 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ' స్టేడియాన్ని నింపే మోత. మొదటిదాని గుసగుస చెవిలో ఉండగానే రెండోది పెట్టండి. ఆ మోత కింద ఉన్నదీ అదే దిగులని పాటల మాటలు విన్నప్పుడు తెలుస్తుంది.

పుస్తకంలో ప్రతి వైపుకు మూడు ముక్కలు రాయండి: రికార్డు స్థితి, ఒక పాట, ఒక ఆశ్చర్యం. నక్షత్రాలు, మార్కులు వద్దు. రెండు నెలల తర్వాత మీకు పనికొచ్చేది '7/10' కాదు, 'రెండో పాట వెనక ఎవరో దగ్గారు, ఇన్నాళ్లూ వినలేదు' అన్న వాక్యమే.

చప్పుడు ఎక్కడి నుంచి

వినేటప్పుడు వచ్చే రొదకు అర్థముంటుంది. లెక్కగా 1.8 సెకన్లకు ఒకసారి 'టక్' మంటే అది గీత. నిమిషానికి 33⅓ చుట్లంటే చుట్టుకు అంతే పడుతుంది. లెక్కలేకుండా చిటపటలాడితే దుమ్ము లేదా స్థిర విద్యుత్తు, మళ్లీ స్నానం చేయించి చూడండి. శబ్దం పెద్దదైనచోట మాత్రమే బొంగురుపోతే అరుగుదల లేదా ముల్లు కోణం. ఇతర రికార్డుల్లోనూ అక్కడే అలాగే ఉంటే కోణం, ఇందులోనే ఉంటే అరుగుదల. స్వరం పడవలా పైకీ కిందికీ ఊగితే నడిమి రంధ్రం పక్కకు పడింది, లేదా రికార్డు వంగింది. ఎండలోనో హెయిర్ డ్రయ్యర్ గాలిలోనో పెట్టి వంకర తీయబోకండి, ఉన్న గాడి కూడా పోతుంది.

మౌనం ఉన్నచోట రికార్డు నిజం చెబుతుంది. 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఇందుకు గొప్ప పరీక్ష. ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో చనిపోతే, జులైకల్లా కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో వచ్చిన ఆల్బమ్ ఇది. సంతాప సూచకంగా అట్టంతా నలుపు. మొదట వినిపించేది గంట. ఒక మోతకూ మరో మోతకూ మధ్య, గిటారు అందుకునేలోపు, మీ రికార్డు మీద మిగిలిన ప్రతి దుమ్ము కణమూ పేరు చెప్పుకుంటుంది. కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి ఆ గంట విని చూడండి. కడగడం అవసరమా అన్న ప్రశ్న మళ్లీ రాదు.

ఇప్పుడు తీర్పు

మీ పుస్తకం, మీ చెవి రెండూ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు దొంతరలు వేయవచ్చు. ఉంచేవి, మెరుగైన ప్రతి వెతకాల్సినవి, ఇచ్చేసేవి.

అమ్మే ఆలోచన ఉంటే ఒక కటువైన మాట. ఈ దశాబ్దపు పెద్ద రాక్ ఆల్బమ్‌లు కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయాయి. అందరి దగ్గరా ఉన్నదానికి పెద్ద ధర రాదు, అది ఎంత గొప్ప సంగీతమైనా సరే. ధర పలికేవి తొలి ముద్రణలు, మచ్చలేని ప్రతులు, తక్కువ అచ్చయినవి. స్థితిని మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అనే మెట్లలో చెబుతారు. 'గుడ్' అన్న మాటకు మోసపోకండి. ఆ లెక్కలో గుడ్ అంటే గీతలతో, రొదతో, ఏదోలా చివరిదాకా తిరిగే రికార్డు. మీ ప్రతికి మీరు వేసే మెట్టు ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంటుంది. అట్టకూ రికార్డుకూ విడివిడిగా చెప్పండి.

మెరుగైన ప్రతి కొనేముందు, 180 గ్రాముల కొత్త ముద్రణ అనగానే పరుగెత్తకండి. బరువు వల్ల శబ్దం మెరుగుపడదు. ఏ మాస్టర్ నుంచి చెక్కారన్నదే లెక్క. ఎనభైల నాటి పలచని ప్రతి శుభ్రంగా ఉంటే చాలాసార్లు అదే బాగుంటుంది. 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' లాంటివాటికి మాత్రం పాటలు కత్తిరించకుండా రెండు ఎల్పీల మీద వచ్చిన తర్వాతి ముద్రణకు అర్థముంది.

ఇచ్చేసే దొంతరలో చేరినవాటిని ఇంకో వారం ఇంట్లోనే ఉంచండి. నా దొంతర ఆ వారంలో పద్నాలుగు నుంచి తొమ్మిదికి తగ్గింది.

తిరిగి నిలబెట్టడం

నిటారుగా, వేలు దూరేంత వదులుగా, ఒరగకుండా. అరలకు అడ్డు పలకలు దగ్గరగా ఉండాలి. వంద రికార్డుల బరువు ముందు చెప్పాను, పలచని చెక్క వంగుతుంది. ఎండ, పొయ్యి, హీటరు దరిదాపుల్లో వద్దు. గది 20 డిగ్రీల అటూ ఇటూ, గాలిలో తేమ 40, 50 శాతం మధ్య ఉంటే మంచిది. మరీ ఎక్కువ తేమ బూజును పిలుస్తుంది. అట్టలకు ఆ మందపు పీవీసీ తొడుగులు మళ్లీ కొనకండి, పాలిథీన్‌వి కొనండి. రికార్డును లోపలి కవరుతో సహా అట్టలో దూర్చేటప్పుడు కవరు నోరు పైకి ఉంచితే, అట్ట తెరిచినప్పుడు రికార్డు జారి కింద పడదు, దుమ్మూ తక్కువ చేరుతుంది.

డిజిటల్ ప్రతులు తీసుకోవాలంటే ఇదే సమయం, రికార్డులు శుభ్రంగా, ముల్లు కొత్తగా ఉన్నప్పుడే. ఫోనో ప్రీయాంప్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్‌లోకి, ఒక వైపును ఒకే ఫైలుగా, 24 బిట్ నాణ్యతలో తీసి, అతి పెద్ద శబ్దం కూడా ఎర్రగీత తాకకుండా చూసుకోండి. చిటపటలను సాఫ్ట్‌వేర్‌తో తుడిచే మోజులో పడితే డ్రమ్ముల పక్కన మోగే సింబల్స్ మెరుపు కూడా పోతుంది. నేను అన్నీ కాదు, మళ్లీ దొరకనివి పదకొండు మాత్రమే తీశాను.

చివరిగా ప్రతి అట్టలో ఒక చిన్న కాగితం ముక్క పెట్టండి. ఆమ్లం లేని కాగితం, పెన్సిల్ రాత. సిరా వద్దు, అట్టకు అంటుతుంది. కడిగిన తేదీ, అప్పటి ముల్లు పేరు, పట్టీ మీది అంకెలు, మీ పుస్తకంలోని ఆ ఒక్క వాక్యం. నా 'జాషువా ట్రీ'లో ఉన్న చీటీ మీద ఇలా ఉంది: 'అరిగిపోలేదు. ముల్లు చూడు.'